పంపు మార్చే ముందు: పెట్రోలు కారులో హై ప్రెషర్ పంపు లోపాన్ని పట్టుకోవడం ఎలా?

నా బల్ల మీద ఒక హై ప్రెషర్ పంపు పడి ఉంది. అరచేతిలో ఇమిడేంత వస్తువు. దానికి ఏ రోగమూ లేదు. విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నుంచి వచ్చిన ఒక టర్బో పెట్రోలు కారులోంచి వేరే చోట దాన్ని పీకేసి కొత్తది బిగించారు. రెండు నెలలకి మళ్ళీ అదే కథ, పికప్ పడిపోవడం. పాత పంపును క్యారీ బ్యాగులో చుట్టుకుని ఆటోనగర్‌లో నా షెడ్డుకి వచ్చాడు ఓనరు. "అన్నా, కొత్తది కూడా పోయినట్టుంది" అన్నాడు. కొత్తది పోలేదు. అసలు మొదటిదే పోలేదు. ఆ బండి సంగతి దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను.

ఇలాంటివి చూసి చూసి రాస్తున్నాను. ఈ పంపు ఖరీదైనది, బానెట్ ఎత్తగానే కనిపించేది, పేరులోనే ప్రెషర్ ఉన్నది. అందుకే ప్రెషర్ తగ్గిందని స్కానర్ (కారు కంప్యూటరులోని తప్పులు చదివే పరికరం) అనగానే వేలు దాని మీదికే వెళ్తుంది. నేను మాత్రం దాన్ని ఆఖరున అనుమానిస్తాను. కింద రాసిన వరస కూడా ఆ లెక్కలోనే ఉంది. మొదటి నాలుగు మెట్లు చేతిలో ఓ మంచి స్కానర్ ఉంటే ఓనరు కూడా చేసుకోవచ్చు. ఆ తర్వాతవి పని తెలిసినవాళ్ళకే.

అసలు మీ బండికి ఈ పంపు ఉందా?

అన్ని పెట్రోలు కార్లకీ ఇది ఉండదు. స్విఫ్ట్, వ్యాగన్ఆర్ లాంటి మామూలు పెట్రోలు బండ్లలో నాజిల్ పెట్రోలును ఇన్‌టేక్ దారిలో చల్లుతుంది. దానికి మూడు నాలుగు బార్ల ఒత్తిడి చాలు, ట్యాంకులోని మోటరే ఆ పని చేసేస్తుంది. నేరుగా సిలిండర్‌లోకే చల్లే ఇంజిన్లకి, అంటే డైరెక్ట్ ఇంజెక్షన్ వాటికి, రెండో పంపు కావాలి. వెన్యూ, సోనెట్ 1.0 టర్బో, టైగన్, వర్టస్, కుషాక్, స్లావియాల టీఎస్‌ఐ ఇంజిన్లు, థార్, ఎక్స్‌యూవీ 700 పెట్రోలు, ఫ్రాంక్స్ టర్బో ఈ కోవలోవి. టర్బో ఉన్నంత మాత్రాన ఇది ఉంటుందనుకోకండి. నెక్సాన్ 1.2 టర్బో పెట్రోలులో నాజిల్ పాత పద్ధతిలోనే చల్లుతుంది.

అనుమానంగా ఉంటే బానెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ తల మీదో పక్కనో రెండు మూడు బోల్టులతో బిగించిన లోహపు ముద్ద ఉండి, దాంట్లోంచి గట్టి ఇనుప పైపు రైలుకి (నాజిళ్ళన్నిటికీ పెట్రోలు పంచే గొట్టానికి) వెళ్తుంటే అదే. కొన్నింటికి చప్పుడు తగ్గడానికి పైన స్పాంజి తొడుగు వేస్తారు.

ఇది పనిచేసే తీరు తెలిస్తేనే రోగం తెలుస్తుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ట్యాంకు పంపు 4 నుంచి 6 బార్ల ఒత్తిడితో పెట్రోలును ముందుకి పంపుతుంది. పెద్ద పంపులో, అంటే మన హై ప్రెషర్ పంపులో, ఒకే ఒక్క పిస్టన్ ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ మీద మూడో నాలుగో మూలలున్న ఒక క్యామ్, మధ్యలో ఉన్న ట్యాపెట్ ద్వారా ఆ పిస్టన్‌ని పైకి తోస్తుంది. నాలుగు మూలల క్యామ్ అనుకుందాం. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 తిరిగితే క్యామ్ 400 తిరుగుతుంది, పిస్టన్ 1600 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకి ఇరవై ఆరు దెబ్బల పైనే. బానెట్ ఎత్తితే టకటకమని వినిపించేది చాలావరకు ఇదీ, నాజిళ్ళూ కలిసి చేసే చప్పుడే. ఆ చప్పుడు విని పంపు పోయిందని భయపడి వచ్చేవాళ్ళు నెలకి ఒకరైనా ఉంటారు. చప్పుడు రావడం దాని ఆరోగ్యమే. ఉన్నట్టుండి చప్పుడు మారితే ఆలోచించాలి.

పంపు మీదే ఒక కరెంటు వాల్వు ఉంటుంది. ప్రతి దెబ్బకీ ఎంత పెట్రోలు రైలులోకి నొక్కాలో కంప్యూటరు ఆ వాల్వుతో నిర్ణయిస్తుంది. రైలు మీద ప్రెషర్ సెన్సర్ కూర్చుని ఎంత వచ్చిందో కంప్యూటరుకి తిరిగి చెప్తుంది. ఐడిల్‌లో 35 నుంచి 60 బార్లు, తొక్కినప్పుడు 150, 200. కొత్త ఇంజిన్లలో 350 దాకా కూడా వెళ్తుంది.

ముందు ప్రాణం

200 బార్లంటే మన ఊళ్ళో తిరిగే సీఎన్‌జీ ఆటో సిలిండర్ నింపే ఒత్తిడి. టైరులో గాలికి దాదాపు తొంభై రెట్లు. ఆ ఒత్తిడిలో సూదిమొన సందులోంచి వచ్చే పెట్రోలు ధార చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, లోపల మాత్రం చెయ్యి తీసేయాల్సినంత పని చేస్తుంది. అలాంటిది జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, పెట్రోలు ఒత్తిడితో లోపలికి వెళ్ళిందని డాక్టరుకి చెప్పండి.

పాత డీజిల్ బండ్లలో ఇంజిన్ నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్సింగో పట్టుకునే అలవాటు మన మెకానిక్కులకి ఉంది. ఆ విద్య ఇక్కడ వాడితే చావే. పైగా ఇది పెట్రోలు, వేడి ఇంజిన్ మీద పడితే క్షణంలో అంటుకుంటుంది.

హై ప్రెషర్ పైపు విప్పాల్సి వస్తే ట్యాంకు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. తర్వాత స్కానర్‌లో రైలు ప్రెషర్ చూడండి. ఇంజిన్ వేడి మీదుంటే ఆపేశాక కూడా రైలులో పెట్రోలు వ్యాకోచించి ప్రెషర్ పెరుగుతుంది. అందుకే చల్లారనివ్వాలి. అప్పుడు కూడా నట్టు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, నెమ్మదిగా వదులు చేయాలి. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. షెడ్డులో వెల్డింగ్ జరుగుతుంటే దాన్ని ఆపించండి.

మొదటి మెట్టు: ఓనరుతో మాట్లాడటం

స్కానర్ తగిలించే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి అడుగుతాను. పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తోందా, లేక ఎండలో ఓ గంట పార్క్ చేసి తీసేటప్పుడా? ఊళ్ళో బాగానే ఉండి హైవేలో ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ పడిపోతోందా? ఏసీ వేస్తే తేడా ఉందా? పెట్రోలు ఎప్పుడు, ఎక్కడ కొట్టించారు? ఎప్పుడూ రిజర్వులోనే తిప్పుతారా? ఈ ఆఖరు ప్రశ్నకి చాలామంది నవ్వేస్తారు. ట్యాంకు పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలుతోనే. మన బెజవాడ మే నెల ఎండల్లో, ట్యాంకు అడుగున రెండు లీటర్లతో ఊరంతా తిరిగితే ఆ మోటరు వయసు తరిగిపోతుంది.

విజయవాడలో ఇంకో ప్రశ్న కూడా తప్పనిసరిగా అడుగుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ బండి ఎక్కడుంది? సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు. వెనక సీటు కింద, సీటు బెల్టు చివర్లలో ఎండిన బురద గీత కనిపిస్తే మీకు సమాధానం దొరికినట్టే.

రెండో మెట్టు: చిల్లర అనుమానాలు తీర్చుకోవడం

బ్యాటరీ నీరసంగా ఉన్నా సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 9.6 కన్నా కింద పడుతుంటే ముందు దాని సంగతి చూడండి. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల క్లిప్పులు, ప్లగ్గులు, కాయిల్స్ చూడండి. పికప్ లేకపోవడానికి వంద కారణాలుంటాయి, వాటిలో ఈ పంపు ఒకటి.

పెట్రోలు కూడా చూడాలి. ట్యాంకు నుంచి వచ్చే లో ప్రెషర్ లైన్ నుంచి అర లీటరు గాజు సీసాలోకి తీసి ఓ అరగంట కదపకుండా పెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది, ఓ హద్దు దాటాక రెండూ కలిసి కిందికి దిగి వేరే పొరగా నిలబడతాయి. సీసాలో అడుగున గీత కనిపించినా, పెట్రోలు మబ్బుగా ఉన్నా ట్యాంకు దించి కడగాల్సిందే. ఆ నీళ్ళు పెద్ద పంపులోకి వెళ్తే లోపలి పిస్టన్‌కి తుప్పు పడుతుంది. దానికి పెట్రోలే కందెన కూడా, నీళ్ళు ఆ పని చేయలేవు.

మూడో మెట్టు: కోడ్ చదవడం, కోడ్‌ని నమ్మకపోవడం

ఎక్కువగా కనిపించేది పి0087, రైలులో ఒత్తిడి చాలడం లేదని. పి0088 అంటే మరీ ఎక్కువగా ఉందని. పి0190 నుంచి పి0193 దాకా రైలు సెన్సర్, దాని వైర్ల సంగతి. పి0090, పి0091, పి0092 కంట్రోల్ వాల్వు సర్క్యూట్‌వి. వీటితోపాటు పి0171 ఉంటే ఇంజిన్‌కి పెట్రోలు అందడం లేదని, పి0172 ఉంటే ఎక్కువైందని అర్థం.

పి0087 అంటే ఒత్తిడి తక్కువ అని మాత్రమే. పంపు పోయిందని ఆ కోడ్‌లో ఎక్కడా లేదు. జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది, మలేరియానో టైఫాయిడో చెప్పదు. ఇక్కడే సగం పంపులు అనవసరంగా మారిపోతున్నాయి.

కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది. తప్పు పడిన క్షణంలో ఆర్‌పీఎం, లోడు, ప్రెషర్, ఇంజిన్ వేడి ఎంతో అందులో రాసి ఉంటాయి. ఫొటో తీసుకోండి. కోడ్ తుడిచేస్తే అదీ పోతుంది. "ఓసారి క్లియర్ చేసి చూద్దాం సార్" అనే అలవాటు మానుకోవాలి. క్లియర్ చేయడమంటే నేరం జరిగిన చోటు కడిగేయడమే.

నాలుగో మెట్టు: నడుస్తుండగా చూడటం

స్కానర్ లైవ్ డేటాలో రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. కంప్యూటరు అడుగుతున్న ప్రెషర్, నిజంగా వస్తున్న ప్రెషర్. మూడోది దొరికితే కంట్రోల్ వాల్వుకి కంప్యూటరు ఇస్తున్న ఆదేశం. పెట్రోలు కొలతని కంప్యూటరు ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ట్రిమ్‌లు కూడా పెట్టుకోండి.

ముందు ఐడిల్‌లో, తర్వాత నిలబెట్టి 2500 దగ్గర చూడండి. చాలా బండ్లు ఈ రెండు పరీక్షలూ పాసవుతాయి. కారణం తేలిక. నిలబడి ఉన్న బండికి కావలసిన పెట్రోలు ఉగ్గుగిన్నెతో పోసినంతే, సగం చచ్చిన పంపు కూడా అంత ఇస్తుంది. అసలు పరీక్ష రోడ్డు మీదే. తెల్లవారుజామున ఎనికేపాడు దాటాక గన్నవరం వైపు హైవే కాస్త ఖాళీగా ఉంటుంది. ఒకరు నడపాలి, ఇంకొకరు స్కానర్‌లో రికార్డింగ్ పెట్టాలి. మూడో గేర్‌లో 2000 నుంచి 4000 దాకా పూర్తిగా తొక్కండి. నడిపేవాళ్ళు స్కానర్ వైపు చూడకూడదు, తర్వాత షెడ్డులో కూర్చుని గ్రాఫ్ చూసుకోవచ్చు.

గ్రాఫ్‌లో రెండు గీతలూ అన్నదమ్ముల్లా కలిసి నడవాలి. తొక్కిన మొదటి క్షణంలో పది బార్ల తేడా వచ్చి సర్దుకుంటే నేను పట్టించుకోను. కంప్యూటరు 180 అడుగుతుంటే 120 దగ్గర చతికిలబడి లేవలేకపోతే పెట్రోలు చాలడం లేదు. అప్పుడు మూడో గీత చూడండి. కంప్యూటరు వాల్వుని చివరిదాకా నొక్కమంటున్నా ప్రెషర్ రాకపోతే లోపం పంపులోనో, దాని వెనకనో, దాన్ని తోసే క్యామ్‌లోనో ఉంది. రెండు గీతలూ కలిసే నడుస్తున్నా బండికి పికప్ లేకపోతే కంప్యూటరుకి అందే కబురే తప్పు కావచ్చు, అంటే సెన్సర్‌నీ వైర్లనీ అనుమానించాలి.

ప్రెషర్ ఎప్పుడూ ఐదారు బార్ల దగ్గరే ఉండి బండి ఈసురోమంటూ నడుస్తుంటే పెద్ద పంపు అసలు పనే చేయడం లేదు. వాల్వుకి కరెంటు రాకపోవడం, కనెక్టర్ ఊడటం, ట్యాపెట్ విరగడం, ఇలాంటివి చూసుకోవాలి. ఎలుకలు వైరు కొరికిన బండి కూడా ఒకటి చూశాను. అదీ వర్షాకాలంలోనే.

ఐదో మెట్టు: సెన్సర్ నిజం చెబుతోందా?

రాత్రంతా ఆగిన బండిలో, స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి రైలు ప్రెషర్ చూడండి. ట్యాంకు పంపు ఓసారి ఊదాక దాని ఒత్తిడి దగ్గరే, నాలుగైదు బార్లే చూపాలి. ఏమీ లేని రైలులో 30 చూపిస్తే సెన్సర్ అబద్ధమాడుతోంది. ఎక్కువ చూపించే సెన్సర్‌ని నమ్మి కంప్యూటరు పంపుని తగ్గిస్తుంది, బండికి నిజంగానే పికప్ పోతుంది. పాపం పంపుకి చుట్టుకుంటుంది.

సెన్సర్‌కి సాధారణంగా మూడు వైర్లు. కనెక్టర్ పీకి చూస్తే ఒకదాంట్లో 5 వోల్టులు, ఒకదాంట్లో మంచి ఎర్త్ రావాలి. మూడోది సిగ్నల్, మామూలుగా 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య తిరుగుతుంది. కొన్ని కొత్త బండ్లలో సెన్సర్ డిజిటల్ భాషలో మాట్లాడుతుంది, వాటికి మల్టీమీటర్ పనికిరాదు.

ఆరో మెట్టు: ట్యాంకు వైపు, సింగ్ నగర్ బండి కథ

పెద్ద పంపు తనంతట తాను పీల్చుకోలేదు. వెనకనుంచి వచ్చినదాన్నే నొక్కుతుంది. బావిలో నీళ్ళు లేకపోతే మోటరుని తిట్టి ఏం లాభం?

లో ప్రెషర్ లైన్‌లో టీ ఆకారపు జాయింటు వేసి గేజి పెట్టండి. కొన్ని బండ్లకి అక్కడే సెన్సర్ ఉంటుంది, స్కానర్‌లోనే కనిపిస్తుంది. మామూలుగా 4 నుంచి 6 బార్లు, మీ మోడల్‌కి ఎంతన్నది సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. ఇక్కడ కూడా నిలబెట్టి చూసి ఊరుకోవద్దు. గొట్టం వేడి తగలని, రాపిడి లేని చోటినుంచి పోనిచ్చి, గేజిని బయట అద్దం ముందు, వైపర్ దగ్గర టేపుతో అంటించి రోడ్డెక్కించాలి. గేజి కారు లోపలికి మాత్రం తీసుకురావద్దు. గొట్టం ఊడితే కారంతా పెట్రోలు అవుతుంది.

సింగ్ నగర్ బండికి అదే చేశాను. ఐడిల్‌లో 5.2, ఏ వంకా పెట్టలేం. మూడో గేర్‌లో తొక్కగానే ముల్లు 2.8కి జారింది. ఆ క్షణంలోనే రైలు ప్రెషర్ కూడా కూలింది. అంటే పెద్ద పంపుకి తిండి అందడం లేదు. వెనక సీటు ఎత్తాను. ట్యాంకు పంపు మూత మీద ఎండిన బురద పొర, ఇంకా వేలితో గీస్తే రాలుతోంది. కనెక్టర్ విప్పితే ఎర్త్ పిన్ను ఆకుపచ్చగా ఉంది, చిలుము పట్టింది. మల్టీమీటర్ నల్ల పుల్ల బ్యాటరీ నెగిటివ్‌కి, ఎర్ర పుల్ల పంపు ఎర్త్ పిన్నుకి వెనకనుంచి తగిలించి పంపు నడిపాం. 0.2 వోల్టుల లోపు ఉండాల్సిన చోట 1.9 చూపించింది. ఆ రెండు వోల్టులూ మోటరుకి చేరకుండా చిలుములోనే ఆవిరవుతున్నాయి.

మరి పంపు మార్చాక రెండు నెలలు ఎలా బాగుంది? బాగుండలేదు. ఆ రెండు నెలలూ ఆయన సింగ్ నగర్ నుంచి వన్‌టౌన్ దాకా ట్రాఫిక్‌లో తిరిగాడు. హైదరాబాద్ రోడ్డెక్కి నందిగామ దాటాక ఓవర్‌టేక్ చేయబోతేనే జబ్బు బయటపడింది. పిన్నులు, కనెక్టర్, కొంత వైరు మార్చి, ట్యాంకు దించి కడిగాం. కొత్త పంపు అలాగే ఉంచాం. పాతదాన్ని ఆయన తీసుకెళ్ళలేదు.

ఈ వోల్టేజి లెక్క రిలే ద్వారా నేరుగా కరెంటు అందుకునే పంపులకే. చాలా కొత్త బండ్లలో ట్యాంకు పంపుకి విడిగా ఒక కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది. అది వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి మోటరు దగ్గర తక్కువ వోల్టేజి కనిపించడం సహజం. అక్కడ మాడ్యూల్‌కి వచ్చే కరెంటు, ఎర్త్ చూసి, ఆదేశాన్ని స్కానర్‌లో చూసుకోవాలి. వైరింగ్ అంతా బాగుండి ఒత్తిడి మాత్రం పడిపోతుంటే ట్యాంకులోని జల్లెడ, ఫిల్టర్, చివరికి ట్యాంకు మోటరు.

ఏడో మెట్టు: కంట్రోల్ వాల్వు

ట్యాంకు వైపు నిర్దోషి అని తేలాకే ఇక్కడికి రండి. కనెక్టర్ పీకి వాల్వు కాయిల్ ఓంలు చూడండి. చాలా తక్కువే ఉంటుంది, మీటర్ పుల్లలు రెండూ కలిపి వచ్చే అంకెను తీసేయడం మర్చిపోవద్దు. మీటర్ ఓఎల్ చూపిస్తే, అంటే కరెంటుకి దారే లేకపోతే, కాయిల్ తెగింది.

ఒక్కటి మాత్రం చేయకండి. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి వాల్వు క్లిక్ అంటుందో లేదో చూడటం. కంప్యూటరు దానికి ఒక్క క్షణం గట్టిగా కరెంటిచ్చి వెంటనే తగ్గిస్తుంది. నేరుగా 12 వోల్టులు పెట్టి పట్టుకుంటే మంచి కాయిల్ కూడా మాడిపోతుంది. కరెంటు క్లాంపు, స్కోపు ఉన్నవాళ్ళు గ్రాఫ్‌లో చూస్తే గట్టి దెబ్బ, తర్వాత తగ్గిన మెట్టు స్పష్టంగా కనిపిస్తాయి.

కరెంటు లేనప్పుడు ఈ వాల్వు తెరుచుకుని ఉండే పంపులే ఎక్కువ, అలాంటప్పుడు కనెక్టర్ ఊడితే ప్రెషర్ రాదు. కొన్ని డిజైన్లలో ఇది తలకిందులు. మీ బండిది ఏదో తెలియకుండా పీకి పరీక్షలు చేసి, వచ్చిన ఫలితానికి అర్థాలు తీయొద్దు.

ఎనిమిదో మెట్టు: ఆయిల్ పుల్ల వాసన చూడటం

ఇది ఖర్చు లేని పరీక్ష, అందుకే ఎవరూ చేయరు. పంపు పిస్టన్ కింద ఉండే సీలు ఒకవైపు పెట్రోలునీ ఇంకోవైపు ఇంజిన్ ఆయిల్‌నీ వేరు చేస్తుంది. అది పోతే పెట్రోలు మెల్లగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ లాగి ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన గుప్పున వచ్చినా, ఆయిల్ నీళ్ళలా పలచబడినా, పోసినదానికన్నా లెవెల్ పెరిగినా అనుమానించాలి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో కొంత పెట్రోలు మామూలుగానే ఆయిల్‌లో కలుస్తుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

నిర్ధారించుకోవాలంటే ఇంజిన్ వేడెక్కాక ట్రిమ్‌లు చూడండి. ఆయిల్‌లోంచి లేచిన పెట్రోలు ఆవిరి పీసీవీ గొట్టం గుండా మళ్ళీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. అది అదనపు పెట్రోలు కాబట్టి ట్రిమ్ మైనస్‌లోకి దిగుతుంది. ఆ గొట్టాన్ని కాసేపు విడదీసి ఇన్‌టేక్ వైపు మూసేస్తే ట్రిమ్ సున్నా దగ్గరికి తిరిగొస్తే దొంగ ఆయిల్‌లోనే ఉన్నాడు. సీలు పోయిందని తేలితే పంపు మార్చాల్సిందే, ఆయిల్, ఫిల్టర్ కూడా వెంటనే. పలచబడిన ఆయిల్‌తో టర్బో బేరింగులు ఎక్కువ రోజులు బతకవు.

తొమ్మిదో మెట్టు: ఆపేశాక చూడటం

వేడెక్కిన ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి రైలు ప్రెషర్ చూస్తూ కూర్చోండి. మొదట కొంచెం పెరిగి, తర్వాత చాలా నెమ్మదిగా తగ్గాలి. నిమిషంలో పడిపోతే ఎక్కడో కారుతోంది. పంపు బయటికి వెళ్ళే దారిలోని చెక్ వాల్వు కావచ్చు, నాజిల్ కావచ్చు. తిరిగి స్టార్ట్ చేసేటప్పుడు మిస్సింగ్ కొట్టి, సైలెన్సర్‌లోంచి పెట్రోలు వాసన వస్తే నాజిలే. ప్లగ్గులు విప్పి చూడండి, ఒక్కటి మిగతావాటికన్నా తడిగానో నల్లగానో ఉంటుంది. ఏ వాసనా మిస్సింగూ లేకుండా సెల్ఫ్ మాత్రమే ఎక్కువసేపు పడుతుంటే పంపు చెక్ వాల్వు వైపు మొగ్గుతాను.

పదో మెట్టు: విప్పి కళ్ళతో చూడటం

ఇక్కడిదాకా వచ్చి, అన్ని సాక్ష్యాలూ పంపు వైపే చూపిస్తే అప్పుడు విప్పండి. విప్పేముందు పంపు క్యామ్ పల్లం మీద ఉండేలా ఇంజిన్‌ని చేత్తో తిప్పుకోవాలి. లేకపోతే స్ప్రింగ్ ఒత్తిడికి పంపు ఒక పక్కకి ఒరుగుతుంది, అల్యూమినియం మరలు ఊడివస్తాయి. బోల్టులు ఒకటి తర్వాత ఒకటి సగం సగం చుట్టు వదులు చేయాలి.

పంపు చేతికొచ్చాక దానికన్నా ముందు ట్యాపెట్‌ని చూడండి. రోలరు సాఫీగా తిరగాలి, తలమీద గుంట, గీతలు, వేడికి నీలం తిరిగిన మచ్చ ఉండకూడదు. తర్వాత టార్చి వేసి క్యామ్ మూలలు చూడండి. అరిగిన క్యామ్ మీద కొత్త పంపు పెడితే పిస్టన్ పూర్తి ఎత్తు లేవదు, ప్రెషర్ మళ్ళీ చాలదు. డయల్ గేజి ఉంటే లిఫ్ట్ కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి. క్యామూ ట్యాపెటూ బాగుండి, వెనకనుంచి పెట్రోలు బాగా వస్తూ, వాల్వుకి ఆదేశం సరిగ్గా అందుతూ కూడా ప్రెషర్ రాలేదంటే, ఇప్పుడు ధైర్యంగా పంపుకి ఆర్డర్ పెట్టొచ్చు. బండి వారంటీలో ఉంటే ఈ విప్పడం మీరు చేయొద్దు. మొదటి నాలుగు మెట్ల గ్రాఫ్‌లు పట్టుకుని కంపెనీ సర్వీసుకి వెళ్ళండి.

బిగించేటప్పుడు

పార్ట్ నంబరు ఛాసిస్ నంబరుతో సరిపోల్చుకోండి, బయటికి ఒకేలా ఉండి లోపల వాల్వు తేడాగా ఉండే పంపులున్నాయి. చవగ్గా దొరికిందని సీలు లేని డబ్బాలో ఉన్నది తీసుకోవద్దు. కొత్త ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) వేసి ఆయిల్ పూయాలి, ట్యాపెట్‌కి కూడా. హై ప్రెషర్ పైపుని చాలా కంపెనీలు ఒక్కసారి వాడి మార్చమంటాయి. దాని చివర కోన్ ఒకసారి నొక్కుకుంటే రెండోసారి అంతే గట్టిగా కూర్చోదు. కాబట్టి పైపు కూడా కొత్తదే వేయండి. బోల్టులు, నట్లు టార్క్ రెంచితోనే బిగించాలి, చేతి అంచనాతో వద్దు.

స్టార్ట్ చేసేముందు కీ మూడు నాలుగు సార్లు ఆన్, ఆఫ్ చేసి లైన్‌లో గాలి పోనివ్వండి. స్టార్ట్ అయ్యాక టార్చి వేసి జాయింట్ల దగ్గర తడి కోసం చూడండి. వేలితో తడమొద్దు, తెల్ల కాగితం ముక్కని పొడవాటి చిమ్టాతో పట్టుకుని పెట్టి చూడండి. అప్పుడు కోడ్‌లు క్లియర్ చేసి, స్కానర్‌లో సదుపాయం ఉంటే అడాప్టేషన్లు రీసెట్ చేసి, మళ్ళీ గన్నవరం రోడ్డు. అదే గేర్, అదే తొక్కుడు, అదే రికార్డింగ్. ముందు తీసిన గ్రాఫ్ పక్కన కొత్తది పెట్టి ఓనరుకి చూపిస్తాను. ఐడిల్ ప్రెషర్, రోడ్డు మీద వచ్చిన గరిష్ఠం, లో ప్రెషర్, తేదీ, కిలోమీటర్లు ఒక టేపు ముక్క మీద రాసి బానెట్ లోపలివైపు అంటిస్తాను. ఐదొందల కిలోమీటర్లయ్యాక రమ్మని, ఆయిల్ పుల్ల మరోసారి వాసన చూసి పంపిస్తాను.